అరటిపండు తిన్న రెండు గంటలకు

నిన్న సాయంత్రం నాలుగున్నరకు ఆసుపత్రి రికార్డుల గది నుంచి ఒక్క కాగితం పట్టుకుని బయటికి వచ్చాను. దాని కోసం నలభై మూడు రోజులు తిరిగాను. మా పాప రెండుసార్లు తోటకూర కాడలా వాలిపోవడానికి కారణం నా చేతుల మురికి కాదని, అరటిపండు దాని ఒంటికి పడకపోవడమని ఆ కాగితం చెబుతుంది. కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే మొహమాటపడి కొన్ని సంగతులు వదిలేస్తానేమోనని ఈ రాత్రే రాస్తున్నాను.

మాది రావులపాలెం దగ్గర పల్లె. మా నాన్నకు ఎకరంన్నర అరటితోట ఉంది. ఇది కర్పూరం, ఇది చక్కెరకేళి, ఇది అమృతపాణి అని కాయను చూసి చెప్పడం బడికి వెళ్లకముందే నేర్చుకున్నాను. మా ఇంట్లో పిల్లలందరికీ పాల తరువాత మొదటి రుచి అరటిపండే. మెత్తగా చిదిమి, వేలి కొసతో నాలుకకు రాస్తారు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాను. ఆరేళ్లుగా రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. ఒక కంపెనీలో పద్దులు చూస్తాను. పాప మాకు మొదటి బిడ్డ.

ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏమీ పెట్టలేదు. 180 రోజులు నిండాక, ఏడో నెలలో మంచి రోజు చూసి అన్నప్రాశన చేశాం. రాగి జావ, మెత్తటి అన్నం, పెసరకట్టు, చిదిమిన చిలగడదుంప, అన్నీ హాయిగా తిన్నది. అరటిపండు కూడా మొదటి రెండుసార్లు చెంచాడు చొప్పున చప్పరించింది. ఏమీ కాలేదు.

మూడోసారి ఉదయం పది గంటలకు ఒక పండు మొత్తం పెట్టాను. ఇక్కడ తోపుడు బండి మీద దొరికే ఏలక్కి అరటి, చిన్నదే. తిని, కాసేపు ఆడుకుని, పాలు తాగి నిద్రపోయింది. పన్నెండు దాటాక ఒక్కసారిగా లేచి కక్కింది. పది నిమిషాలకు మళ్లీ. అలా ఎనిమిదిసార్లు. కడుపులో ఏమీ మిగలక చివరికి పసరు వచ్చింది. ఆ తరువాత ఏడుపు కూడా ఆగిపోయింది. పెదవులు పాలిపోయాయి, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. పిలిస్తే కళ్లు తెరిచి, నేనెవరో తెలియనట్టు చూసి, మళ్లీ మూసుకుంది. ఒంటి మీద దద్దుర్లు లేవు. మూతి వాపు లేదు, ఆయాసం లేదు, జ్వరం లేదు. ఏవి లేవన్నది కూడా ఒక ఆధారమేనని నాకు అప్పుడు తెలియదు.

దగ్గరలోని ఆసుపత్రికి ఆటోలో పరుగెత్తాం. సెలైన్ పెట్టారు, వాంతుల మందు ఇచ్చారు. సాయంత్రానికి లేచి కూర్చుని నర్సు మెడలోని గుర్తింపు కార్డు లాగింది. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పెరిగాయి కాబట్టి ఇన్ఫెక్షన్ అన్నారు. రెండు రోజులు ఉంచుకుని యాంటీబయాటిక్ ఎక్కించారు. పొట్ట స్కాన్‌లో తేడా ఏమీ లేదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన ఆహారపు చీటీలో, తేలికగా అరిగేవాటిలో, మొదటి పేరే అరటిపండు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇంటికి వచ్చాక ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. దిష్టి అన్నారు, పళ్లు వస్తున్నాయన్నారు. ఎక్కువమంది కార్బైడ్ అన్నారు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువును మాత్రం పరిమితికి లోబడి వాడవచ్చు. నిషేధం ఉన్నంత మాత్రాన వాడకం ఆగిందని ఎవరూ నమ్మరు, నేనూ నమ్మలేదు. కార్బైడ్ మాట ఫోనులో విన్న నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదని అమ్మ చెప్పింది. నెల దాటాక తోటలో ముదిరిన కర్పూరం గెల ఒకటి కోసి, ఎండుటాకులు చుట్టి, రైల్లో తానే మోసుకొచ్చారు. వంటింటి మూల ఎండుగడ్డి పరిచి, గోనెసంచి కప్పి మగ్గబెట్టాం. గెలలో పై అత్తాలు, అంటే పై వరుసల కాయలు, నాలుగో రోజుకు పండాయి. కింది అత్తాలు ఇంకా పచ్చిగానే ఉంటే కూరకని నేనే కోశాను. ‘ఇది నా చేతి పండమ్మా, దీనికి ఏ మందూ తగలలేదు, పెట్టు’ అన్నారు నాన్న.

పాపకు ఎనిమిదో నెల నిండిన వారం అది. ఉదయం తొమ్మిదిన్నరకు సగం పండు చిదిమి పెట్టాను. నాన్న ఎదురుగా కూర్చుని చూశారు. పదకొండూ ముప్పై అయిదుకు మొదటి వాంతి.

ఈసారి మొదటిసారి కంటే తొందరగా వాలిపోయింది. అదే ఆసుపత్రి, అదే ఎమర్జెన్సీ వార్డు. ఆరు మంచాలు, మధ్యలో తెరలు లేవు. రక్తనాళం దొరకక మూడుచోట్ల గుచ్చారు. సెలైన్ ఎక్కడం మొదలయ్యాక డ్యూటీ డాక్టరు ఫైలు పట్టుకుని వచ్చాడు. చిన్న వయసే. అరటిపండు పెట్టాక ఇలా కావడం ఇది రెండోసారి అని చెప్పాను. మాట పూర్తి కానివ్వలేదు.

‘అరటిపండుకు అలర్జీ ఏమిటమ్మా? అలర్జీ అయితే దద్దుర్లు రావాలి. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. అయిదు వారాల్లో ఇది రెండో ఇన్ఫెక్షన్. ఇంట్లో వంట ఎవరు చేస్తారు? నీళ్లు కాస్తారా? పిల్లకు తినిపించేది ఎవరు?’

నేనే అన్నాను.

‘చేతులు చూపించండి.’

నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి గొంతు పెంచి. చాచాను. బడిలో గోళ్లు పెంచుకున్న పిల్లలను వరుసలో నిలబెట్టి చూసినట్టు చూశాడు. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు గోళ్ల అంచులు నల్లగా ఉన్నాయి. వేళ్ల మడతల్లో కూడా సన్నటి నల్లగీతలు.

‘ఈ చేత్తోనేనా చిదిమి పెట్టారు?’ అన్నాడు. నర్సును పిలిచి చూపించాడు. ‘ఇక వేరే పరీక్షలు ఎందుకు?’ అని ఆమెతో కన్నడంలో అన్నాడు. నాకు కన్నడం మాట్లాడడం సరిగా రాకపోయినా వింటే అర్థమవుతుంది.

అది అరటి కర. పచ్చి అత్తాలు కోసినప్పుడు కారే జిగురు. తోట ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బట్టకు అంటితే బట్ట చిరిగినా మరక పోదు. చేతికి అంటితే సబ్బుకు లొంగదు, చర్మం తనంతట తాను రాలేదాకా అలాగే ఉంటుంది. అందుకే మా వైపు గెల కోసేముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ రోజు తొందరలో నేను రాసుకోలేదు. ఇదంతా అతనికి చెప్పాలనుకున్నాను. ‘కర’ అనే మాటకు కన్నడంలో ఏమంటారో తెలియదు. ఇంగ్లీషులో ఏమనాలో నోటికి రాలేదు. ‘అరటి... అరటి...’ అని రెండుసార్లు అని ఆగిపోయాను. కన్నడంలోనూ కరె అనే మాట ఉందని, నేను తెలుగులో అన్నా అర్థమయ్యేదని, తరువాత మా ఇంటి యజమానురాలు చెప్పింది. ఆ సమయంలో అది తట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అత్తయ్య పక్కనే ఉన్నారు. ‘మా కోడలు పొద్దస్తమానం చేతులు కడుగుతూనే ఉంటుంది బాబూ’ అన్నారు తెలుగులో. అతను అటు చూడలేదు. మా వారు కింద బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నారు. నాన్న గుమ్మం దగ్గర నిలబడి, తన చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆయన చేతులకు నలభై ఏళ్ల కర ఉంది. పక్క మంచం దగ్గర బిడ్డను ఎత్తుకున్న ఒకావిడ నా చేతుల వంక చూసి, తన వేళ్లు మెల్లగా కొంగులోకి దాచుకుంది. ఆ వార్డులో జరిగినవాటిలో ఎక్కువగా గుర్తుకొచ్చేది అదే.

ఆ రాత్రి పాప నిద్రపోయాక ఆసుపత్రి బాత్రూములో నిమ్మచెక్కతో గోళ్లు రుద్దుకున్నాను. ఒక గోరు మూల చర్మం లేచి రక్తం వచ్చింది. నల్లగీత పోలేదు. అంతకంటే చెడ్డ సంగతి, తెల్లవారేసరికి ఆ డాక్టరు అన్న మాట నేను సగం నమ్మేశాను. కర అని నాకు తెలుసు. అయినా, ఏమో, నిజంగానే నా చేతుల నుంచే ఏదైనా పోయిందేమో అనుకున్నాను. ఇంటికి వచ్చాక పన్నెండు రోజులు నా చేత్తో పాపకు తిండి పెట్టలేదు. గిన్నెలు మూడుసార్లు మరిగించి, చెంచా అత్తయ్య చేతికి ఇచ్చి, గుమ్మం బయట నిలబడేదాన్ని. పాప నా వైపు చేతులు చాచేది.

ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట వినండి. పసిబిడ్డకు జబ్బు చేస్తే తల్లి అప్పటికే తనను తాను బోనులో నిలబెట్టుకుని ఉంటుంది. ఆమె చెప్పే మాట పూర్తిగా వినడానికి రెండు నిమిషాలు పట్టదు. మందు ఇవ్వడం ఎంత వైద్యమో, వినడం కూడా అంతే వైద్యం.

మూడో రోజు డిశ్చార్జి సమ్మరీ చేతికి వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాల సారం ఇది: తల్లి అపరిశుభ్రంగా ఆహారం పెట్టడం వల్ల కలిగిన తీవ్రమైన జీర్ణకోశ ఇన్ఫెక్షన్, పరిశుభ్రత గురించి తల్లికి తెలియజెప్పడమైనది. కింద తల్లి సంతకం. నేను చదవకుండా పెట్టలేదు, చదివే పెట్టాను. పాపను ఇంటికి తీసుకుపోతే చాలు అనిపించింది. పద్దులు చూసేదాన్ని, కాగితం మీద ఉన్నదే చివరికి మిగులుతుందని అందరికంటే బాగా తెలిసినదాన్ని, పెన్ను తీసుకుని పెట్టేశాను.

తరువాత చేసిన తప్పు డబ్బుతో పోయింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒక ప్రయోగశాల వాళ్లు ఒక్క రక్తపరీక్షతో రెండు వందలకు పైగా ఆహారాల అలర్జీ చెబుతామంటే పద్నాలుగు వేలు కట్టాను. బియ్యం, కందిపప్పు, పాలు ఎర్ర గీతల్లో వచ్చాయి. అరటిపండు పచ్చగా, క్షేమంగా ఉంది. ఆ నివేదికను నమ్మి ఉంటే పాపకు అన్నం మాన్పించి అరటిపండు పెట్టేదాన్ని. అది ఐజీజీ అనే ప్రతిరక్షకాల పరీక్ష. మనం ఏం తిన్నామో దానికి శరీరంలో అవి ఉండడం మామూలే, అవి అలర్జీకి గుర్తు కావు. అలర్జీ నిర్ధారణకు దీన్ని వాడవద్దని యూరప్ అలర్జీ వైద్యుల అకాడమీ 2008లోనే చెప్పింది. ఎవరైనా ఈ పరీక్ష అమ్మజూపితే తలుపు వేసుకోండి.

మా వారి సహోద్యోగి ఒకరు జయనగర్‌లో పిల్లల అలర్జీ చూసే డాక్టరమ్మ ఉన్నారని చెప్పారు. వెళ్లేముందు వారం రోజులు జలుబు మందు, దురద మందు లాంటివి ఇవ్వవద్దని ఫోనులోనే చెప్పారు, అవి వేస్తే చర్మపరీక్ష సరిగా రాదట. బెన్నిగానహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, పాపను ఎత్తుకుని వెళ్లాం. అత్తయ్య కూడా వస్తానన్నారు. అప్పటికి నేను ముగ్గురు డాక్టర్లకు ఇదే కథ చెప్పి ఉన్నాను. ఏం పెట్టారు, ఎలా కడిగారు, ఎక్కడ కొన్నారు, అన్నీ అడిగారు. ఈమె మొదట అడిగింది ఒక్కటే.

‘తిన్న ఎంతసేపటికి?’

నేను తడబడ్డాను. ‘కాసేపటికి’ అన్నాను. అప్పుడు అత్తయ్య నా ఫోను అడిగి, అందులో ఒక ఫోటో తీయమన్నారు. మా వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది. రాహుకాలం, వర్జ్యం చూసుకోవడం ఆమెకు అలవాటు. పాపకు అన్నప్రాశన అయిన నాటి నుంచి ఏ పూట ఏం తిన్నదో, ఎప్పుడు పడుకున్నదో ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో చిన్నగా రాస్తూ వచ్చారు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బయలుదేరేముందు ఆమే ఆ రెండు నెలల పేజీలకు ఫోటో తీయించారు. మొదటి గడిలో: అరటి 10, వాంతి 12-10. రెండో గడిలో: అరటి 9-30, వాంతి 11-35.

డాక్టరమ్మ ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశారు. ‘రెండుసార్లూ రెండు గంటలే’ అన్నారు. ‘పెద్దమ్మా, మీరు రాసింది సగం రోగనిర్ధారణ’ అని అత్తయ్యతో అన్నారు. అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

ఆమె చెప్పినది నాకు అర్థమైనంతలో రాస్తాను. పండు పడకపోవడంలో రకాలున్నాయి. మనందరికీ తెలిసినది వెంటనే కనిపించేది. కివీ, మామిడి, అరటి, ఏదైనా కావచ్చు. తిన్న నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదవుల వాపు, కొందరికి ఆయాసం వస్తాయి. ఆయాసం వచ్చినా, పిల్ల ఒంట్లోంచి జీవం పోయినట్టు వాలిపోయినా ఇంట్లో ఒక్క క్షణం ఆగకూడదు, 108కి ఫోను చేయాలి. ఆ రకానికి తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే అసలు మందు. ఇంకొకటి, అనాస, నారింజ, టమాటా లాంటి పులుపు తగిలి మూతి చుట్టూ ఎర్రబడడం. అది చాలాసార్లు చర్మం మంట మాత్రమే, కాసేపటికి దానంతట అదే పోతుంది. మామిడి సొన, తొక్క తగిలి రెండు మూడు రోజులకు మూతి చుట్టూ పొక్కులు లేవడం మరొకటి. జీడిమామిడి గింజ తొక్కలో ఉండే, చర్మాన్ని పొక్కించే పదార్థానికి ఆ సొనలోనిది దగ్గరి చుట్టం.

మా పాపది వీటిలో ఏదీ కాదు. దానికి ఫుడ్ ప్రొటీన్ ఇండ్యూస్డ్ ఎంటెరోకొలైటిస్ సిండ్రోమ్ అని పేరు, ఎఫ్‌పైస్ అని పిలుస్తారు. ఆహారంలోని ప్రొటీన్‌కు పేగు ఎదురుతిరుగుతుంది. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య ఆగకుండా వాంతులు, పాలిపోవడం, మత్తుగా వాలిపోవడం. దద్దుర్లు ఉండవు, ఆయాసం ఉండదు. కొందరికి కొన్ని గంటల తరువాత విరేచనాలు. ఆవుపాలు, సోయా, బియ్యం, ఓట్స్ దీనికి పేరుపడినవి. పండ్లలో అరటి, అవకాడో ఉన్నాయి. ఒకటి రెండుసార్లు తిన్నప్పుడు ఏమీ కాకుండా ఆ తరువాత బయటపడడం కూడా ఉందట. తెల్లకణాలు పెరగడం కూడా ఈ జబ్బులో జరిగేదే. అందుకే ఇన్ఫెక్షన్ అని పొరబడతారు. ఈ జబ్బును ఎలా గుర్తించాలో, ఎలా చూడాలో అంతర్జాతీయ మార్గదర్శకాలు 2017లోనే వచ్చాయి. అవి చదవనందుకు ఆ యువ డాక్టరును నేను తప్పుపట్టను. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనప్పుడు చేతులు చూపించమనడం తప్పు.

చర్మపరీక్ష కూడా చేశారు. సీసాలో దొరికే పండ్ల సారం త్వరగా శక్తి కోల్పోతుందని మమ్మల్నే ఒక పండు తెమ్మన్నారు. సూదిని ముందు పండులో గుచ్చి, తరువాత పాప వీపు మీద తాకించారు. పక్కన పోల్చి చూడడానికి, దద్దు లేపే హిస్టమిన్ చుక్క ఒకటి, ఏమీ చేయని ఉప్పునీటి చుక్క ఒకటి. పదిహేను నిమిషాలకు హిస్టమిన్ దగ్గర దద్దు లేచింది, అరటి దగ్గర ఏమీ లేదు. నా గుండె జారింది, మళ్లీ అందరూ నన్నే అంటారని. ఆమె నవ్వి, ఈ జబ్బులో ఈ పరీక్షకు ఏమీ రాకపోవడమే మామూలని, గడియారమే ఇక్కడ అసలు పరీక్ష అని చెప్పారు.

వెళ్లేముందు నా చేతుల సంగతి చెప్పాను. చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. కర అప్పటికి పోయింది, అయినా చేతులు చాచి చూపించాను. ఆమె వాటిని పట్టుకుని, ‘రేపటి నుంచి ఈ చేత్తోనే పెట్టండి’ అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పెరుగన్నం కలిపి పెట్టాను.

జాగ్రత్తలు తక్కువే. అరటిపండు, దాని పొడి, అది కలిసిన ఏదైనా మానాలి. పాలిచ్చే నేను మాత్రం అరటిపండు మానక్కర్లేదు, నా పాల వల్ల పాపకు ఎప్పుడూ ఇబ్బంది కనిపించలేదు కాబట్టి. మిగతా పండ్లు భయపడి ఆపేయవద్దని గట్టిగా చెప్పారు. ఒక్కో పండు, కొద్దికొద్దిగా, ఉదయం పూట, మధ్యలో నాలుగు రోజుల వ్యవధితో. హాప్‌కామ్స్ అనే ఇక్కడి రైతుల సహకార సంఘం దుకాణం నుంచి సపోటా, బొప్పాయి, ఆపిల్ తెచ్చి వరుసగా పెట్టాం, ఏదీ బాధించలేదు. మళ్లీ పొరపాటున అరటి పడి వాంతులు మొదలైతే దద్దుర్ల మందు పనిచేయదు. సెలైన్, వాంతుల మందు కావాలి, ఆసుపత్రికి వెళ్లాలి. ఆ సంగతి వివరిస్తూ ఆమె ఒక ఉత్తరం ఇచ్చారు, ఎమర్జెన్సీ వార్డులో చూపించడానికి.

మీరు జాగ్రత్త పడవలసిన చోటు ఇంకొకటి ఉంది, పొట్లాలు. మన ఆహార ప్రమాణాల సంస్థ 2020 లేబుల్ నిబంధనల్లో అలర్జీ హెచ్చరిక తప్పనిసరి అయినవాటిలో గోధుమ లాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా వంటివి ఉన్నాయి. పండ్లు లేవు. అంటే హెచ్చరిక గడిలో అరటి అని ఉండదు. వెనుక చీమల బారు లాంటి అక్షరాల జాబితా మొత్తం చదవాలి. ఆపిల్ బొమ్మ వేసిన పిల్లల గుజ్జులో అరటి కలిసి ఉండడం నేను నా కళ్లతో చూశాను. ఇక గుడిలో అరటిపండు కలిపిన పంచామృతం చెంచాతో నోట్లో పోసే పెద్దలకు ముందే చేతులు జోడించి చెబుతున్నాను.

ఇప్పుడు ఆ కాగితం. నా సెలవులు అయిపోవచ్చాయి, పాపను పిల్లల సంరక్షణ కేంద్రంలో చేర్చాలి. వాళ్లు ఆరోగ్య పత్రాలు అడిగారు. ఆసుపత్రి సమ్మరీ ఇస్తే, అక్కడి ఆవిడ చదివి నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్లీ చదివింది. ఆ చూపుతోనే నిర్ణయించుకున్నాను, ఇది దిద్దించాలని.

మొదటిసారి వెళ్తే డిశ్చార్జి అయ్యాక ఫైలు మూసేస్తామన్నారు. రెండోసారి డాక్టరు సెలవులో ఉన్నాడన్నారు. మూడోసారి బీమా డెస్కుకు పంపారు. జబ్బు పేరు మారిస్తే బీమా కంపెనీ డబ్బు వెనక్కి అడగవచ్చని అక్కడి అబ్బాయి భయపెట్టాడు. మా వారు ‘పోనీ వదిలేద్దాం, మనకు నిజం తెలుసు కదా’ అన్నారు. పెళ్లయ్యాక ఆయనతో నేను అంత గట్టిగా మాట్లాడింది ఆ రాత్రే. కాగితం మీద తప్పు ఉన్నన్నాళ్లూ, పాప ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట చదివేది దాన్నే, మళ్లీ అరటిపండు పెట్టమనేది దాన్ని చూసే అని చెప్పాను. ఆయన మరుసటి రోజు సెలవు పెట్టి నాతో వచ్చారు.

నాలుగోసారి వట్టి చేతులతో వెళ్లలేదు. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఆ మాట ఉదహరిస్తూ మొత్తం కేసు ఫైలు నకలు కావాలని ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఇది అందరూ చేయండి. నోటితో అడిగినన్నాళ్లూ నన్ను తిప్పారు, ముద్ర పడిన మూడో రోజున ఫైలు వచ్చింది. రాత్రి కూర్చుని పద్దు సరిచూసినట్టు పేజీ పేజీ చూశాను. రెండుసార్లు తీసిన రక్తం కల్చర్, మలం కల్చర్ నివేదికలు, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలవి, అందులో ఉన్నాయి. నాలుగింటిలోనూ ఏ క్రిమీ పెరగలేదు. అవి మేము ఇంటికి వచ్చేశాక వచ్చినవి. ఫైలులో గుచ్చారు, ఎవరూ చదవలేదు. నా గోళ్ల నుంచి పోయిందన్న క్రిమి వాళ్ల సొంత ప్రయోగశాలకే దొరకలేదు. నేను ఏడవలేదు. నాలుగు పేజీలకూ పసుపు చీటీలు అంటించాను.

ఆ చీటీలతో, డాక్టరమ్మ ఉత్తరంతో, క్యాలెండర్ ఫోటో అచ్చుతో మెడికల్ సూపరింటెండెంటును కలిశాం. పెద్దావిడ. కూర్చోమని, అన్నీ చదివి, చివరికి ‘చేతులు చూపించమన్నాడా?’ అని ఒక్కటే అడిగారు. అవునన్నాను. కాసేపు కిటికీ వైపు చూశారు. పాత సమ్మరీని చెరిపేయడం కుదరదని, దానికి అనుబంధం జతచేస్తామని చెప్పారు. ఆ యువ డాక్టరు అక్కడ మానేశాడట. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. నాకు అది కూడా కావాలి, దాచను.

నిన్న వచ్చిన అనుబంధంలో మూడు వాక్యాలున్నాయి. కల్చర్లలో క్రిములు లేవు. రెండు సంఘటనలూ అరటిపండు వల్ల కలిగిన ఎఫ్‌పైస్‌కు సరిపోతున్నాయి. ఆహార పరిశుభ్రతకు సంబంధించిన వ్యాఖ్యను ఉపసంహరించుకోవడమైనది. మూడో వాక్యాన్ని మెట్రోలో అత్తయ్యకు తెలుగులో చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకున్నారు. నాన్నకు ఫోను చేసి చెబితే ‘కర అని రాశారా అందులో?’ అని అడిగారు. రాయలేదు నాన్నా అన్నాను. ‘పోనీలే’ అన్నారు. కాసేపటికి మళ్లీ ఆయనే చేసి, పాపకు ఇక ఎప్పటికీ కుదరదా అని అడిగారు.

కుదురుతుందనే డాక్టరమ్మ ఆశ. చాలామంది పిల్లలకు మూడు నుంచి అయిదేళ్ల లోపు ఇది పోతుందట. చివరిసారి జరిగినప్పటి నుంచి ఏడాది, ఏడాదిన్నర గడిచాక ఆసుపత్రిలోనే, సెలైన్ సిద్ధంగా పెట్టుకుని, కొలిచి అరటిపండు తినిపించి కొన్ని గంటలు చూస్తారు. ఇంట్లో మనం ప్రయత్నించకూడదు, తాత తోట పండైనా సరే. ఆ మాట నాన్నకు రెండుసార్లు చెప్పాను.

సోమవారం పాప సంరక్షణ కేంద్రానికి వెళ్తుంది. సంచిలో ఉత్తరం, అనుబంధం, ఒక జత బట్టలు పెట్టాను. వచ్చే ఏడాది పరీక్షకు ఏ నెలలో రావాలో డాక్టరమ్మ చెప్పారు. ఆ నెల ఈ క్యాలెండర్‌లో లేదు. అత్తయ్య దాన్ని మేకు నుంచి దించి, వెనుక అట్ట మీద పెన్సిలుతో రాసి, మళ్లీ తగిలించారు.